అక్క బడికి పోవాలంటే

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను పాలమూరు జనం నడిగడ్డ అంటారు. హైదరాబాదు నుంచి బెంగళూరు రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దిగితే నడిగడ్డలో కాలుపెట్టినట్టే. ఎర్రవల్లి చౌరస్తాలో కుడిచేతి వైపు తిరిగితే గద్వాల. ఆ పేరు వినగానే ఎవరికైనా ముందు చీర గుర్తొస్తుంది, ఆ తర్వాత సోమనాద్రి కోట. ఆ రెంటి గురించీ రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈసారి వెళ్లింది ఆరేళ్లలోపు పిల్లలు పగలంతా ఎక్కడుంటున్నారో, ఎవరి కనుసన్నల్లో ఉంటున్నారో చూడడానికి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరు 11న, దసరా నాడు, పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ మూడింటి చుట్టుపక్కల అంగన్‌వాడీలు, చిన్న చిన్న నర్సరీలు, నల్లమలలో చెంచుల గూడేలైన పెంటలు తిరిగాను. అడుగుపెట్టిన ప్రతిచోటా ఒక ప్రశ్న మాత్రం మరవకుండా అడిగాను. ఈ పిల్లల అక్కలు ఎక్కడున్నారు?

ఆ ప్రశ్న ఎందుకు అడగాల్సి వచ్చిందో గట్టు వైపు వెళ్తే తెలుస్తుంది.

సీడ్ పత్తి చేల మధ్య

గద్వాల నుంచి గట్టు దారి పట్టగానే రెండు పక్కలా పత్తి చేలు. ఇది దూది కోసం వేసిన పత్తి కాదు, విత్తనం కోసం వేసింది. సీడ్ పత్తి అంటారు. దేశంలో హైబ్రిడ్ పత్తి గింజ పండించే పెద్ద ప్రాంతాల్లో నడిగడ్డ ఒకటి. నేను వెళ్లింది వానాకాలం చివర, క్రాసింగ్ పని ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో.

క్రాసింగ్ అంతా చేతివేళ్ల పని. మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను సాయంత్రం పూట ఆడ మొక్కల మీద వెతికి పట్టుకోవాలి. రేకులతో పాటు పుప్పొడి కాడలను గిల్లి తీసేయాలి. తెల్లవారి మగ మొక్కల పువ్వులు కోసుకొచ్చి, ముందునాడు గిల్లిన మొగ్గలకు ఒక్కొక్కదానికే పుప్పొడి అద్దాలి. ఎండ ముదిరితే పుప్పొడి పట్టదు, అందుకని పొద్దున్నే చేలో ఉండాలి. ఏనాటి మొగ్గ ఆనాటిదే. ఆదివారమని, పండగని పని ఆగదు. నెలల తరబడి ఇదే వరస.

ఇంత సున్నితమైన పనికి సన్నటి వేళ్లు కావాలన్నారు. పొట్టి మొక్కల మధ్య వంగి పనిచేయడానికి పొట్టి మనుషులైతే మేలన్నారు. అలా ఆడపిల్లలు బడి వదిలి చేలల్లోకి వచ్చారు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన నివేదిక హైబ్రిడ్ పత్తి విత్తన పంటలో బాలికల వెట్టిని ప్రపంచం ముందు పెట్టింది. ఆ తర్వాత కంపెనీల మీద ఒత్తిడి పెరిగింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయపడడానికి మాత్రం వెసులుబాటు ఉంచారు.

చట్టం చేలోకి తొంగిచూస్తుంది. ఇంట్లోకి చూడదు. చేలో పిల్ల కనబడలేదంటే బడిలో ఉన్నట్టేనని మనం అనుకుంటాం. ఆ పిల్ల గడపలో కూర్చుని ఉండొచ్చు, చంటిదాన్ని సంకనేసుకుని.

గట్టు మండలంలో ఒక ఊరి అంగన్‌వాడీకి పది గంటల వేళ వెళ్లాను. సున్నం వేసిన గది, గోడ మీద పండ్లు, జంతువుల బొమ్మలు, ఒక మూల బరువు చూసే యంత్రం, ఇంకో మూల వంట. పదిహేను మంది దాకా పిల్లలున్నారు. టీచరమ్మ చింతగింజలు కుప్పపోసి పిల్లల చేత ఐదేసి ఏరిస్తోంది. గడప బయట ఒక పిల్ల నిలబడి ఉంది, తొమ్మిదేళ్లుంటాయేమో. సంకలో ఏడాదిన్నర పిల్ల. లోపలికి రాదు, అలాగని వెళ్లిపోదు. టీచర్ అడిగే ప్రతిదానికీ పెదాలు కదుపుతూ తనలో తాను జవాబు చెప్పుకుంటోంది.

"నాలుగో తరగతి మేడం ఈ పిల్ల. క్రాసింగ్ మొదలైతే బడికి రాదు. తమ్ముడు ఈడ మన దగ్గర, చెల్లె దాని సంకల" అంది టీచర్.

భోజనం వేళ ఆయా ఉడికిన గుడ్లకు పొట్టు ఒలిచి పళ్లాల్లో అన్నం, పప్పు పక్కన పెట్టింది. ఆ పిల్ల తమ్ముడు తన గుడ్డు సగం కొరికి, మిగతా సగం గుప్పిట్లో పట్టుకుని లేచాడు. గడప దాకా నడిచి వచ్చి చెల్లె నోట్లో పెట్టాడు. చెల్లె నమిలింది. అక్క తన గౌను అంచుతో దాని మూతి తుడిచింది. ఇది రోజూ జరిగేదేనన్నట్టు ఆయా వాణ్ని వారించలేదు. అక్కను పిలిచి ఓ గిన్నెలో పప్పన్నం పెట్టింది. "లెక్కల రాయను, గని కండ్ల ముంగట నిలబడితే ఎట్ల తింటం చెప్పు" అంది నాతో.

సాయంత్రం వాళ్ల అమ్మ చేను నుంచి వచ్చాక మాట్లాడాను. "పొద్దుగాల ఆరు కొట్టేసరికి సేన్ల ఉండాలక్కా. సెంటర్ తెరిసేది తొమ్మిదికి. పిలగానికి మూడేండ్లు దాటినయి, వాడు ఆడికి పోయి ఇంత తింటడు. దీనికి ఏడాదిన్నర. దీన్ని ఎవరు సూస్తరు? పెద్దది సూడకపోతే నాకు పని లేదు. నాకు పని లేకపోతే ఇల్లు లేదు." పెద్దదాన్ని చదివించాలని లేదా అని నేను అడగలేదు. ఆ ప్రశ్న అడగకుండానే ఆమె చెప్పింది, "సదువుకోవాలనే ఉందక్కా నాకు. ఈ మూడు నెల్లు దాటితే మళ్ల పంపిస్త."

నాలుగో తరగతిలో మూడు నెలలు పోగొట్టుకున్న పిల్ల మళ్లీ వచ్చి కూర్చునేసరికి తరగతి ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఏటా మూడు నెలలు పోతే, ఏడో తరగతి నాటికి ఆ పిల్ల బడి మానేసిందని రాస్తారు. ఆ పిల్ల మానేయలేదు. చెల్లెను చూసుకునే మనిషి లేక మనమే ఆపేశాం. అభివృద్ధిలో వెనకబడిన ప్రాంతాల కోసం 2023లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆకాంక్షిత బ్లాకుల జాబితాలో గట్టు కూడా ఉంది. ఇక్కడ ఆడపిల్లల చదువు ఎందుకు వెనకబడిందో తెలుసుకోవాలంటే ముందు ఈ గడప దగ్గరికి రావాలి.

మూడేళ్లలోపు వాళ్ల సంగతి

అంగన్‌వాడీ ఏర్పాటులోనే ఉన్న ఖాళీ ఇది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కేంద్రానికి వస్తారు. ఆట, పాట, కథ, వేడి అన్నం, గుడ్డు అన్నీ అక్కడే. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు వాళ్లకు తెలంగాణలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి, 16 గుడ్లు ఇంటికిచ్చి పంపుతారు. తిండి ఇంటికి చేరుతుంది. ఆ తిండి తినిపించే మనిషి మాత్రం చేలో ఉంటుంది. బాలామృతం పొడి కలిపి చెల్లె నోట్లో పెట్టేది కూడా ఆ తొమ్మిదేళ్ల పిల్లే.

గర్భిణులకు, బాలింతలకు 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద కేంద్రంలోనే ఒక పూట భోజనం, పాలు, గుడ్డు పెడుతున్నారు. ఆ పథకం మంచిదని నేను మాట్లాడిన ప్రతి తల్లీ చెప్పింది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు తల్లికి కేంద్రంలో చోటుంది. మూడేళ్లు నిండితే బిడ్డకు చోటుంది. ఆ మధ్య ఏళ్లలో బిడ్డకు చోటు లేదు. బిడ్డ ప్రాణానికి, ఎదుగుదలకు అన్నిటికన్నా ముఖ్యమైన ఏళ్లు అవే.

గద్వాల పట్నంలో చేనేత వీధుల్లోనూ ఇదే కథ వేరే రూపంలో ఉంది. తల్లి ఇంట్లోనే ఉంటుంది కదా అనుకుంటాం. గుంట మగ్గం ఉన్న ఇంట్లో పాకే బిడ్డ మీద నుంచి చూపు తిప్పడానికి లేదు. మగ్గం మీద భర్త ఉంటే, కండెలు చుట్టడం, దారం సరిచేయడం భార్య పని. పట్టు అంచు, నూలు ఒడలు కలిపే దగ్గర చూపు తప్పితే చీర పాడవుతుంది. "బిడ్డను సూస్తే సీర పోతది, సీరను సూస్తే బిడ్డ పోతది" అంది ఒక నేతమ్మ. ఆ వీధి అంగన్‌వాడీ ఒక అద్దె గదిలో నడుస్తోంది. గది ఇరుకే, కానీ పిల్లలు నిండుగా ఉన్నారు. కారణం టీచర్. ఆమెది ఆ వీధే. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఎప్పుడు నిద్రలేస్తాడో ఆమెకు తెలుసు.

దుర్గాబాయి వేసిన బాట

ఇదంతా కొత్తగా ఎవరో కనిపెట్టాల్సిన విషయం కాదు. 1953లో కేంద్ర సంఘ సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడబిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ మండలి మరుసటి ఏడాది నుంచి పల్లెల్లో మొదలుపెట్టిన సంక్షేమ కేంద్రాల్లో బాలవాడి ఒక ముఖ్య భాగం. పని చేసుకునే తల్లికి ఆసరా దొరక్కపోతే స్త్రీల చదువు, స్త్రీల సంపాదన మాటలుగానే మిగులుతాయని ఆ తరం కార్యకర్తలకు తెలుసు. అప్పటికే గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచి, కొట్టకుండా తిట్టకుండా పిల్లలకు చదువు చెప్పొచ్చని చూపించాడు. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ ఆ పనిని ఆదివాసీ పిల్లల ముంగిళ్లలోకి తీసుకెళ్లారు.

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. ఇవాళ మనం చూస్తున్న అంగన్‌వాడీ దాని బిడ్డే. 2002లో రాజ్యాంగ సవరణతో 45వ అధికరణం ఆరేళ్లలోపు పిల్లలందరి సంరక్షణ, విద్య రాజ్యం బాధ్యత అని చెప్పింది. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి, కేంద్రం లేని వాడ ఏదైనా ఉంటే, ఆ జనం అడిగిన మూడు నెలల్లోగా అంగన్‌వాడీ తెరవాలని ఆదేశించింది. అడిగే హక్కు ఉందన్న సంగతి నేను కలిసిన తల్లుల్లో ఒక్కరికీ తెలియదు. ఎవరో ఒకరు వాళ్లకు చెప్పాలి.

వనపర్తిలో రెండు గదులు

గద్వాల నుంచి వనపర్తికి పెబ్బేరు మీదుగా వచ్చాను. సంస్థానాధీశుల రాజభవనంలో ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. 1959 నుంచీ పాలమూరు పిల్లలు వేలమంది ఆ భవనంలో ఇంజనీరింగ్ డిప్లొమాలు చదివి బయటికొచ్చారు. రాజుల ఇల్లు చదువుల ఇల్లయిన ఊరు కాబట్టి ఇక్కడ చదువు మీద జనానికి మమకారం ఎక్కువ. ఆ మమకారం చిన్నపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎలా ఉందో రెండు చోట్ల చూశాను.

మొదటిది ఒక ప్రైవేటు నర్సరీ. శుభ్రంగా ఉంది. పిల్లలు బూట్లు, టైలు వేసుకుని వచ్చారు. మూడున్నరేళ్ల పిల్లలు బల్లల మీద కూర్చుని నాలుగు గీతల కాపీలో ఏ, బీ, సీ, డీలు దిద్దుతున్నారు. ఒక పిల్లవాడి పెన్సిల్ గుప్పిట్లో నలుగుతోంది, ఇంకా మూడు వేళ్లతో పట్టుకునే వయసు రాలేదు వాడికి. అక్కడి టీచర్ ఓపిక గల మనిషి. "హోంవర్క్ ఇయ్యకపోతే పేరెంట్స్ ఊకోరు మేడం. పక్క బడిల రాస్తున్నరు, మా బాబుకెందుకు రాయిపిస్తలేరు అంటరు" అని చెప్పింది. ఆ మాటలో బడి తప్పు ఎంతో, తల్లిదండ్రుల తొందర అంత ఉంది.

రెండోది ఒక ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఉన్న అంగన్‌వాడీ. నేను వెళ్లేసరికి పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. టీచర్ వంకాయ, బెండకాయ, టమాట, ఉల్లిగడ్డ ఒక గుడ్డ కింద దాచి, చేయి పెట్టి తడిమి పేరు చెప్పమంటోంది. చెప్పినవాళ్లు దాన్ని పట్టుకుని అది వండుకునే కూర గురించి ఒక మాట చెప్పాలి. "మా అవ్వ బెండకాయ ఏంచుతది, జిగట రాదు" అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు, ఆ పిల్ల గర్వంగా కూర్చుంది. పదిహేను నిమిషాల్లో స్పర్శ, పేర్లు, పూర్తి వాక్యం, నలుగురిలో మాట్లాడే ధైర్యం అన్నీ నడిచిపోయాయి. కాగితం, పెన్సిల్ అవసరం పడలేదు.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దశను పునాది దశ అంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని, ఆ వయసులో చదువు ఆటతోనే సాగాలని రాసింది. ఆ అంగన్‌వాడీ టీచర్ చేస్తున్నది అచ్చంగా అదే. కానీ వీధిలో నలుగురు తల్లులను అడిగితే ముగ్గురు, డబ్బులుంటే నర్సరీకే పంపుతామన్నారు. బూట్లు, టై, కాపీలో రాత కళ్లకు కనబడతాయి. మాట నేర్చుకోవడం కనబడదు.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తుచేయాలి. మాంటిస్సోరి అంటే ఇవాళ పట్నాల్లో ఫీజులు కట్టే బడి అనుకుంటాం. మరియా మాంటిస్సోరి తన మొదటి బాలల గృహాన్ని 1907 జనవరిలో రోమ్ నగరంలో సాన్ లొరెంజో అనే పేదవాడలో తెరిచింది. తల్లిదండ్రులు కూలికి పోతే పగలంతా ఒంటరిగా మిగిలిపోయే పిల్లల కోసం తెరిచింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. నర్సరీ పుట్టింది కూలి తల్లి అవసరం నుంచే. గట్టులో ఆ గడప దగ్గర నిలబడిన పిల్ల కోసమే అది పుట్టింది.

వనపర్తి అంగన్‌వాడీలో ఒక తల్లి కలిసింది. బట్టల దుకాణంలో పని. పొద్దున కొడుకును ఇక్కడ దింపి పోతుంది, మధ్యాహ్నం భోజనం అయ్యాక అత్తగారు తీసుకెళ్తుంది. నా ప్రశ్న ఆమెనూ అడిగాను. "పెద్దపాప గురుకులంల ఉందక్కా, ఏడో తరగతి. పండగకు వస్తది. వచ్చిన్నాడు తమ్మునికి కతలు సదివి వినిపిస్తది" అంది. ఆ ఇంట్లో చిన్నవాడిని చూసుకునే ఏర్పాటు ఉంది. అందుకే అక్క పుస్తకం పట్టుకుంది.

గుంపుతో వెళ్లే బాల్యం

వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ దారి. ఇటువైపు మాట్లాడిన ప్రతి ఇంట్లోనూ వలస ప్రస్తావన వచ్చింది. పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలుసు. ఏ పెద్ద ఆనకట్ట కట్టినా, ఏ కాలువ తవ్వినా ఇక్కడి చేతులున్నాయి. గుంపు మేస్త్రీ ఇళ్లకు వచ్చి అడ్వాన్సు ఇచ్చి పేర్లు రాసుకుంటే, పండగ వెళ్లాక లారీలెక్కి వెళ్లేవారు. ప్రాజెక్టుల నీళ్లు వచ్చాక కొన్ని ఊళ్లలో వలస తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు, పుణెలలో అంతస్తుల మీద అంతస్తులు లేపుతున్న చోట్లకు వెళ్తున్నారు.

ఒక తండాలో అంగన్‌వాడీ రిజిస్టరులో పేర్లున్నాయి, పిల్లలు సగమే ఉన్నారు. "మిగతావాళ్లు అమ్మానాయినలతోని పోయిన్రు. నెల రోజులైనంక పేరు కొట్టెయ్యమంటరు, మళ్ల వచ్చినంక ఎక్కియ్యాలె. ఆడ వాళ్లకు ఏ సెంటర్ల పెడ్తున్నరో ఎవరికి తెల్వదు" అంది టీచర్. మిగిలిన పిల్లలను చూసుకుంటున్నది నాయనమ్మలు. ఒక ముసలవ్వ ముగ్గురు మనవలను తెచ్చి దింపి గుమ్మంలోనే చతికిలబడింది. ఆమె కంటికి శుక్లం. పెద్ద మనవరాలు ఎక్కడని అడిగితే, "హైదరాబాదుల, అమ్మతోని. తమ్ముణ్ని పట్టుకోనికె పోయింది" అంది.

అంతస్తుల కట్టడం దగ్గర తమ్ముణ్ని పట్టుకుని కూర్చున్న ఆ పిల్ల కోసం మన చట్టాలు చోటు ఉంచాయి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లల కోసం గది ఏర్పాటు చేయాలంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోటికి ఐదుగురు పసిపిల్లలు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక కూలీ స్త్రీని కేటాయించి ఆమెకు కూలి ఇవ్వాలంది. ఈ ఊళ్లలో మట్టి పని చేసిన ఆడవాళ్లను అడిగాను. నీడ కోసం పరదా కట్టారు, తాగే నీళ్లు పెట్టారు అన్నారు. పిల్లలను చూసే మనిషిని పెట్టిన సంగతి ఎవరూ చెప్పలేదు.

1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు లేస్తున్నప్పుడు, మట్టి దిబ్బల మధ్య పసిపిల్లలు పడి ఉండడం చూసి మీరా మహదేవన్ అక్కడే ఒక గుడారంలో శిశుకేంద్రం తెరిచింది. మొబైల్ క్రెషెస్ సంస్థ అలా పుట్టింది. పని ఎక్కడికి కదిలితే పిల్లల గది అక్కడికి కదలాలన్నది దాని సూత్రం. పాలమూరు కూలీలకు అంతకన్నా అక్కరకొచ్చే ఏర్పాటు మరొకటి నాకు తోచలేదు.

నల్లమల లోపల

నాగర్‌కర్నూల్ దాటి అచ్చంపేట, అక్కడి నుంచి మన్ననూరు. చెక్‌పోస్టు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా ఈ శ్రీశైలం దారిన బండ్లను పోనివ్వరు. రోడ్డు వదిలి అడవిలోకి వెళ్తే చెంచుల పెంటలు. తేనె తీయడం, గడ్డలు తవ్వడం, అడవి పంట ఏరడం వాళ్ల బతుకు.

ఒక పెంటలో అంగన్‌వాడీ చూశాను. ఎనిమిది మంది పిల్లలు, ఒక చెంచు అమ్మాయే టీచర్. ఇక్కడ నా ప్రశ్నకు జవాబు వేరేలా వచ్చింది. "అక్కలు ఆశ్రమ పాఠశాలల ఉన్నరు మేడం. చంటోళ్లను అమ్మలే అడివికి గుడ్డల కట్టుకోని పోతరు. నడక వచ్చినంక ఈడ ఇడిసిపెడ్తరు" అని చెప్పింది టీచర్. పిల్లలకు చెట్ల పేర్లు చెప్పమంటే ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఇప్ప, తునికి, నల్లమద్ది, మోదుగ. పట్నం పిల్ల పండ్ల బొమ్మలో చూసే వాటికన్నా ఎక్కువ పేర్లు వీళ్ల నాలుక చివర ఉన్నాయి. గోడ మీద ఆపిల్, ద్రాక్ష బొమ్మల పక్కన టీచర్ తన చేత్తో ఇప్పపువ్వు బొమ్మ వేసి పెట్టింది.

అడవిలో కష్టం దూరానిది. గుడ్లు, పాలు, బియ్యం రావడానికి దారి కావాలి. వానకు వాగు పొంగితే సరుకు రాదు. ఇంకో కష్టం లెక్కది. గిరిజన ప్రాంతాల్లో పూర్తి అంగన్‌వాడీకి 300 జనాభా, మినీ కేంద్రానికి 150 ఉండాలన్నది నియమం. పెంటల్లో అంత జనం ఎక్కడిది? 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం చెంచుల వంటి ఆదిమ తెగల ఆవాసాల కోసం ఈ లెక్కను కొంత సడలించి కొత్త అంగన్‌వాడీలకు దారి తెరిచింది. నూరు మంది ఉన్నచోట కేంద్రం ఇవ్వొచ్చు. అంతకన్నా చిన్న పెంటలు ఇంకా ఉన్నాయి. అడవిలో పుట్టిన బిడ్డకు తల లెక్క చూసి గుడ్డు పెట్టడం న్యాయం కాదు.

టీచరమ్మ భుజాల మీద

తిరిగినంత మేరా నన్ను నిలబెట్టింది టీచర్లు, ఆయాలు. తెలంగాణలో 2021 నుంచి టీచరుకు నెలకు 13,650 రూపాయల గౌరవ వేతనం, ఆయాకు 7,800. పిల్లల బరువు, ఎత్తు చూడాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, ఓటర్ల జాబితా పని కూడా పడుతుంది. వీటన్నిటి మధ్య పిల్లలకు కథ చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. వాళ్లు చేసేది సేవ కాదు, ఉద్యోగం అని ఒప్పుకోవడానికి దేశానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. గంటలు పెంచమని అడిగేటప్పుడు ఈ సంగతి మరవకూడదు. వేళలు పెరగాలంటే మనుషులు పెరగాలి, జీతం పెరగాలి.

జరగాల్సింది

నేను చూసిన దాన్ని బట్టి చెప్తున్నాను. మూడు జిల్లాల్లోనూ మూడేళ్లలోపు పిల్లలకు పగటి సంరక్షణ కావాలి. అది లేకుండా బడి మానేసిన ఆడపిల్లల మీద ఎన్ని సర్వేలు చేసినా లాభం లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి పాల్‌నా పేరుతో అంగన్‌వాడీకే శిశుకేంద్రం జోడించే పథకం పెట్టింది. ఆరు నెలల బిడ్డ నుంచి తీసుకోవచ్చు. గట్టు, మల్దకల్, అయిజ వంటి సీడ్ పత్తి మండలాలకు దాన్ని ముందుగా తేవాలి. క్రాసింగ్ నెలల్లో ఆ కేంద్రం ఆరు గంటలకే తెరవాలి, ఇంకో ఆయాను పెట్టాలి. ఆ ఖర్చులో విత్తన కంపెనీలు వాటా మోయాలి, ఎందుకంటే ఆ తల్లి వేళ్ల మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

ఇది కుదరని పని కాదు. గద్వాలకు ఆనుకునే ఉన్న కర్ణాటక, ఉపాధి కూలీ తల్లుల కోసం 2023–24 బడ్జెట్‌లో గ్రామ పంచాయతీల్లో కూసిన మనె పేరుతో 4,000 శిశుకేంద్రాలు ప్రకటించింది. కర్ణాటకలోని రాయచూరులో కుదిరేది గద్వాలలో ఎందుకు కుదరదు?

ఇది చదువుతున్న మీలో సర్పంచులు ఉండొచ్చు, ఉపాధ్యాయులు ఉండొచ్చు, ఊరు వదిలి పట్నంలో స్థిరపడినవాళ్లు ఉండొచ్చు. ఈసారి మీ ఊరెళ్లినప్పుడు అంగన్‌వాడీకి ఒకసారి వెళ్లండి. గుడ్డు వచ్చిందా, పప్పు ఉడికిందా చూడండి, టీచరమ్మకు ఏం కావాలో అడగండి. తర్వాత పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలకు వెళ్లి హాజరు పట్టీ తెరిచి, మూడు నెలలుగా రాని ఆడపిల్లల పేర్లు రాసుకుని వాళ్ల ఇళ్లకు నడవండి. సంకలో చంటిబిడ్డ ఉన్న పిల్ల ఎవరైనా కనబడితే, శిశుకేంద్రం కావాలని గ్రామసభలో తీర్మానం పెట్టించి కలెక్టరుకు పంపండి. 40 మంది పిల్లలుండి అంగన్‌వాడీయే లేని వాడ కనబడితే, అడిగిన మూడు నెలల్లో తెరవాలన్న సుప్రీంకోర్టు ఆదేశాన్ని ఆ తల్లులకు చదివి వినిపించి, దరఖాస్తు మీరే రాసి పెట్టండి.